ఎగరని దినానికి కూలి

మధుమిత చేసిన పెద్ద తప్పు ఆకాశంలో జరగలేదు. కోయంబత్తూరు పక్క తుడియలూరులో, ఒక పెళ్ళి భోజనాల బంతిలో జరిగింది.

పక్క ఆకు ముందు కూర్చున్న నవనీతకృష్ణన్ మామ రసం అన్నం కలుపుకుంటూ, కొబ్బరికాయల ధర అడిగినంత తేలిగ్గా అడిగాడు. "పాపా, నీ కంపెనీ మూసేసినారంట కదా. మా ఫ్లైటుకు పైలట్‌ను వెతకతా ఉండాను. నువ్వే వచ్చెయ్యి. దినానికి ఎంత ఇయ్యాలో చెప్పు."

ఆయన మధుమిత తల్లికి పెదనాన్న కొడుకు. తిరుప్పూరులో మూడు బనియన్ ఫ్యాక్టరీలు, కోయంబత్తూరు విమానాశ్రయంలో రెండు ఇంజన్ల సొంత విమానం ఉన్న మనిషి. మధుమిత విమానాలు నడపడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్ళు. చెన్నైలో ఆమె పనిచేసిన అద్దె విమానాల కంపెనీ మూతపడి రెండు నెలలు. తన ధర ఎంతో ఆమెకు బాగా తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అడిగింది మామ, చుట్టూ ఉన్నది చుట్టాలు. బంధువు అడిగితే అంకె చెప్పడం ఆ ఇళ్ళలో మర్యాద కాదు. అందులో ఆడపిల్ల చెబితే ఆ ముచ్చట ఇంకో నాలుగు పెళ్ళిళ్ళ దాకా నడుస్తుంది.

"మీరే చూసి ఇయ్యండి మామా" అంది.

ఆయన చూసి ఇచ్చింది ఇరవై రెండు వేలు.

దినానికి ఇరవై రెండు వేలంటే వినేవాళ్ళు నోరు తెరుస్తారు. మధుమిత తండ్రి భూపతి కూడా తెరిచాడు. ఆయనకు తుడియలూరులో పంపుల వర్క్‌షాపు ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లేత్ మెషిన్ ముందు నిలబడే మనిషికి ఆయన ఇచ్చేది తొమ్మిది వందలు. కానీ మధుమితది నెల జీతం కాదు, పిలిచిన దినానికే డబ్బు. నెలకు ఏడెనిమిది దినాలు పిలుస్తారు. మిగతా దినాలు ఇంకెవరికీ మాట ఇవ్వకుండా ఫోను పక్కన పెట్టుకుని కూర్చోవాలి. పైగా ఏడాదికొకసారి దుబాయి పోయి సిమ్యులేటర్‌లో పరీక్ష ఇచ్చి రావాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఆ ఖర్చు కంపెనీ భరిస్తుంది. ఇలా విడిగా తిరిగేవాళ్ళు సొంత చేతి నుంచి పెట్టుకోవాలి, ఆరు లక్షలు. ఆ పరీక్ష కాకపోతే లైసెన్సు జేబులో ఉన్నా ఆ విమానం తలుపు ముట్టుకోకూడదు. ఇవన్నీ కూడితే న్యాయమైన రేటు ముప్పై ఎనిమిది వేలు. అంతకు తగ్గితే ఆమె తన డబ్బు పెట్టి మామను ఊరూరా తిప్పుతున్నట్టే.

అలా ఏడాది తిప్పింది. ఏడాదంతా మామను చూస్తే నవ్వింది, ఇంటికొచ్చి పళ్ళు కొరుక్కుంది.

ఆ విమానంలో పక్క సీటు శరవణకుమార్‌ది, అందరి నోటా శరవణన్. కో పైలట్, ఇరవై తొమ్మిదేళ్ళవాడు. తిరుమంగళం దగ్గర నల్లరేగడి పల్లెలో పత్తి, మిరప పండించే ఇంటి నుంచి వచ్చినవాడు. వాడూ ఆమెలాగే దినం లెక్కమీద వచ్చేవాడే. ఇద్దరి ఇళ్ళలోనూ మాట్లాడేది తెలుగే గానీ, అతని తెలుగు విని ఆమె నవ్వేది, ఆమె తెలుగు విని అతను నవ్వేవాడు. తలుపు దాటితే ఇద్దరూ తమిళంలోకి దూకేవాళ్ళు. పైలట్లు పక్కపక్కన కూర్చుని ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెడతారు గానీ, దినానికి ఎంత తీసుకుంటున్నారో మాత్రం చెప్పుకోరు. ఒకసారి శరవణన్ అడిగాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. మీరు దినానికి ఎంత తీసుకొంటారు?"

"మామ ఏమిస్తే అది" అని ఆమె చార్టు మడిచింది.

కెప్టెన్ పరీక్ష పాసై నెల తిరగని పిల్లవాడు కెప్టెన్ రేటు ఎందుకు అడుగుతాడు? అంతకు రెండు వేలు తగ్గించి మామకు చెప్పడానికి కాకపోతే మరెందుకు? ఆ దినం నుంచి మధుమిత అతన్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. అతను ఫోను మోగితే రెక్క అవతలికి పోయి మాట్లాడతాడు. మామ కారు తలుపు తీసి రెండు నిమిషాలు అక్కడే నిలబడతాడు. అనుమానానికి తిండి పెట్టాలే గానీ, అది ఏదైనా తింటుంది.

అక్టోబరులో మామ తిరుమంగళం దగ్గర మూతపడిన నూలు మిల్లు ఒకటి బేరమాడుతూ పదే పదే మదురై పోయేవాడు. ఒక గురువారం పని ముగించుకుని మధ్యాహ్నం మూడింటికి విమానాశ్రయానికి వచ్చాడు. మధుమిత అప్పటికే రాడార్ బొమ్మ చూసి ఉంది. పళని కొండల మీద ఉరుముల మబ్బులు రెండు ఎర్రగా నిలబడి ఉన్నాయి, వాటి నడుమ ఇరవై మైళ్ళ సందు. ఇరవై మైళ్ళు తక్కువేం కాదు. కానీ ఆ రెండు మబ్బులూ ఒకదానివైపు ఒకటి నడుస్తున్నాయి.

"ఈ పొద్దు వద్దు మామా. రేపు పొద్దున పోదాము."

మామ కిటికీలోంచి బయటికి చూశాడు. మదురైలో ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆయన ఎండనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. కారు పిలిపించుకుని రోడ్డు పట్టాడు. మధుమిత, శరవణన్ హోటల్లో పడుకుని మరునాడు ఖాళీ విమానం తెచ్చి కోయంబత్తూరులో పెట్టారు. ఆమె ఎప్పటిలాగే రెండు దినాలకు బిల్లు పంపింది.

మూడో దినం మామ దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. మధుమిత ఇదే అదననుకుంది. తిరుప్పూరు పోయి, ఈసారి మామ అయినా సరే, మామకు తాత అయినా సరే, ముప్పై ఎనిమిది అని చెప్పేయాలని దారంతా అనుకుంటూ పోయింది.

ఆయన గది ఫ్యాక్టరీ మీద అద్దాల మేడలా ఉంటుంది. కింద వరసలు వరసలుగా కుట్టు మెషిన్లు. మామ ఆమెకు కాఫీ తెప్పించాడు. అంత మర్యాద చేశాడంటే ఏదో ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"మొన్న కారులో వచ్చినాను కదా పాపా. ఒట్టన్‌చత్రంలో దిగి టీ తాగినాను. తారాపురంలో దిగినాను. దారి మొత్తం ఒక్క చుక్క లేదు."

"మబ్బులు రోడ్డు మీద కావు మామా, కొండ మీద..."

"ఆ సాయంత్రం చెన్నై ఫ్లైటు మదురైలో దిగిందంట కదా. అది మాత్రం ఎట్లా దిగింది?"

"అది తూర్పు నించి వచ్చింది. మనం పోవలసింది పడమటికి. మీకెవరు చెప్పినారు?"

"శరవణన్ చెప్పినాడు."

మధుమితకు కాఫీ చేదెక్కింది. ఆమె అనుకున్నదే అయింది.

మామ ఆమెను అద్దం దగ్గరికి పిలిచాడు. "ఆ పక్క చూడు. వాళ్ళందరూ పీసు రేటు. ఎన్ని కుడితే అంత దుడ్డు. తల ఎత్తతా ఉండారా? ఈ పక్క దినకూలి. ఇప్పుడు చూడు, ఆ నీలం చీర ఆమె మూడోసారి నీళ్ళు తాగేదానికి పోతా ఉండాది. ఆమె చెడ్డది కాదు. దినకూలి మనిషికి పని ముగిసిపోతే నష్టం, అంతే. నలభై ఏండ్లుగా చూస్తా ఉండాను."

"నేను కుట్టు మెషిన్ నడపడం లేదు మామా."

"కోపపడవద్దు. నేను ఒకటే అడగతాను. ఆ మబ్బు కొండ మీద ఉండిందా, నీ బిల్లులో ఉండిందా?"

బయటివాడు అడిగి ఉంటే మధుమిత లేచి వచ్చేసేది. కానీ అడిగినవాడు అమ్మకు అన్న. చిన్నప్పుడు ఆమెను ఎత్తుకుని మరుదమలై గుడి మెట్లెక్కినవాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని చూసి మామ ఇంకా మెత్తగా, ఇంకా తెలివిగా చెప్పాడు. ఈ దినం లెక్క మానేద్దాం, ట్రిప్పుకింత అనుకుందాం, నలభై వేలిస్తా, పోయి దిగితే డబ్బు, దిగకపోతే లేదు.

"ట్రిప్పు లెక్క కుదరదు. పైలట్‌కు పోతేనే దుడ్డు అంటే, పోకూడని దినం కూడా పోవాలనిపిస్తుంది. అది మీకే మంచిది కాదు."

చాలా సరిగా చెప్పింది. అక్కడితో ఆపి, ముప్పై ఎనిమిది అని ఉంటే బాగుండేది. కానీ మాట పడ్డ మనిషి నోరు ఊరుకుంటుందా? ఆ ఇంటి మనుషులకు డబ్బు పోతే ఒక రాత్రి నిద్రపట్టదు, మాట పోతే ఏడాది పట్టదు.

"దినానికి ముప్పై ఎనిమిది వేలు. ఎగిరిన దినానికే. మబ్బుందని నేను ఆపినానంటే ఆ దినానికి నాకు ఒక్క రూపాయి వద్దు. అప్పుడు నమ్మతారు కదా?"

మామ ముఖం వికసించింది. "ఇది మాట! నువ్వు మా అమ్మ మనవరాలివి" అని అక్కడికక్కడే చేయి చాపాడు. ముప్పై ఎనిమిదికి ఒక్క మాట కూడా బేరమాడలేదు. బేరమాడని వ్యాపారిని చూసి అయినా ఆమెకు అనుమానం రావలసింది. ముందు తలుపులోంచి తోసేసిన ట్రిప్పు లెక్కను తనే దొడ్డిదారిన లోపలికి తెచ్చుకున్నానని ఆమెకు ఆ క్షణంలో తోచలేదు. గెలిచాననుకుంటూ మెట్లు దిగింది.

ఇంట్లో భూపతి విని పొంగిపోయాడు. "సరిగా చేసినావు. నేను కూడా పంపు పాడైపోతే దుడ్డు వెనక్కిస్తాను కదా. మాటంటే అది."

"పంపు వేరు నాయినా."

"ఏమి వేరు?"

పరాకుగా "ఏమో" అంది.

నవంబరు వచ్చింది. ఈశాన్యపు వానలు ఆ ఏడు కసిగా పట్టుకున్నాయి. నెల మొదట్లో ఒకటి, పదిహేనో తేదీన ఒకటి, రెండు ప్రయాణాలను మధుమిత ఆపింది. రెండుసార్లూ తెల్లవారుజామున లేచింది, విమానాశ్రయానికి పోయింది, ఆరేడు గంటలు మబ్బుల్ని చూసింది, ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. మామ ఒక్క మాట అనలేదు, పైగా "పరవాలేదు పాపా, నువ్వు చెప్తే సరి" అన్నాడు. అలా నమ్మినందుకు ఆమెకు మొదటిసారి సంతోషం కలిగింది. రెండోసారి పోయిన డెబ్బై ఆరు వేలు గుర్తొచ్చాయి. డిసెంబరు ఆరున దుబాయిలో సిమ్యులేటర్ ఖాయం చేసుకుని ఉంది. కట్టవలసిన దానికి ఇంకా లక్షన్నర తక్కువ పడుతోంది.

ఆమెకు తెలియకుండానే ఇంకొకటి జరిగింది. ఇదివరకు రాడార్ బొమ్మ తెరిస్తే ముందు ఎరుపు ఎక్కడుందో చూసేది. ఇప్పుడు ముందు సందు ఎక్కడుందో చూడసాగింది.

నవంబరు ఇరవై ఎనిమిదిన మళ్ళీ మదురై. నూలు మిల్లు బేరం కుదిరింది, మామ సంతకాలు పెట్టి వచ్చాడు. సాయంత్రం ఏడింటికి తిరుప్పూరులో ఆయన కోసం జర్మనీ నుంచి వచ్చిన కొనుగోలుదారు ఎదురుచూస్తున్నాడు. కారులో పోతే అందడు. నాలుగు గంటలకు మామ ప్రయాణికుల గదిలో కూర్చుని, "పోదామా పాపా?" అని కబురు పంపాడు.

పైలట్లు ఇద్దరూ విమానం పక్కన, రెక్క నీడలో నిలబడి ఉన్నారు. మధుమిత చేతిలో టాబ్లెట్. పళని కొండల మీద మళ్ళీ రెండు మబ్బులు, వాటి నడుమ సందు.

"చూడు, ఇక్కడ దారి ఉంది. దిండిగల్ దాటినాక కొంచెం ఉత్తరంగా తిరిగితే నడుమ దూరిపోవచ్చు. పదునైదు నిమిషాల పని. ఇంజన్లు స్టార్ట్ చేద్దాము."

శరవణన్ టాబ్లెట్ తీసుకుని చాలాసేపు చూశాడు. బొమ్మను వెనక్కి తిప్పి, అరగంట ముందుది చూశాడు, మళ్ళీ ఇప్పటిది చూశాడు.

"వద్దక్కా" అన్నాడు.

"ఎందుకు?"

"రెండూ దగ్గరికి వస్తా ఉండాయి. మనం ఆడికి పోయేలోపల మూసుకొంటాయి. నాకు ఇది సరిగా తోచలేదు. నేను రాను."

కో పైలట్ రానంటే ఆ విమానం కదలదు. అది అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. మధుమితకు ఒళ్ళు మండింది. ఒక్కసారిగా అన్నీ వరసలో నిలబడ్డాయి. రేటు అడగడం, రెక్క అవతలికి పోయి ఫోన్లు, చెన్నై ఫ్లైటు సంగతి మామకు మోయడం. ఇప్పుడు జర్మనీ మనిషి ఎదురుచూసే దినమే చూసుకుని, మామ ముందు తనను పనికిరానిదానిగా నిలబెట్టడం. ఆ పైన ఇంకొకటి తోచింది, అదే నోట్లోంచి వచ్చేసింది.

"నీకేమి నాయినా? పోకపోయినా నీ దినకూలి నీకు వస్తుంది. హోటల్లో పడుకొని రేపటిది కూడా రాసుకొంటావు. వద్దనక ఇంకేమంటావు!"

శరవణన్ ముఖం ఎర్రబడింది. మాట మాత్రం నిదానంగానే ఉంది.

"వస్తాదక్కా. పదునెనిమిది వేలు. ఎగిరినా, ఎగరకున్నా. మొదటి దినమే సార్‌కి అట్లా చెప్పినాను. మా అవ్వ రామక్కాళ్ పత్తి తీసేదానికి కూలోళ్ళను పిలస్తాది. వాళ్ళు చేని గట్టు ఎక్కినాక వాన వస్తే, పనిలేదని ఒట్టి చేతులతో పంపదు. కూలి ఇచ్చే పంపతాది. ఎందుకవ్వా అని అడిగితే, ఇయ్యకపోతే రేపు తడిసిన పత్తి కూడా తీసి గోతంలో కుక్కతారు రా, నాకే నష్టం అంటాది. అదే చెప్పినాను సార్‌తో. నవ్వి సరే అన్నాడు, నాది చిన్న దుడ్డు కదా."

శరవణన్ టాబ్లెట్‌ను ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"చెన్నై ఫ్లైటు సంగతి కూడా మీకు తెలియాల. ఏదైనా ఫ్లైటు దిగిందా అని సార్ అడిగినాడు. దిగింది, తూర్పు నించి వచ్చింది సార్ అన్నాను. ఆయన సగమే పట్టుకొన్నాడు. మీ రేటు అడిగింది, రేపు నేను కెప్టెన్‌గా ఎవరి దగ్గరికైనా పోతే మీకంటే తక్కువ అడిగి మీ పొట్ట కొట్టకూడదని."

అది నిజమో, అప్పటికప్పుడు అల్లిందో మధుమితకు తెలియదు. నమ్మాలనీ లేదు, నమ్మకూడదనీ లేదు. ఆమె మనసు దానిమీద లేదసలు. ఇప్పుడే తన నోట్లోంచి వచ్చిన మాట ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది. తిరుప్పూరు అద్దాల గదిలో మామ తనను అడిగిన మాట అది. ఆ దినం అది విని తనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు అదే మాటను, తనకంటే ఆరేళ్ళు చిన్నవాడి మీద, అంతకంటే మొరటుగా విసిరింది.

ఆమె టాబ్లెట్ తీసుకుంది. రెండు మబ్బుల నడుమ దూరం కొలిచింది. పన్నెండు మైళ్ళు. అక్టోబరులో ఇరవై మైళ్ళ సందు చూసి, క్షణం ఆలోచించకుండా వద్దన్న మనిషి తనే. ఈ దినం పన్నెండు మైళ్ళ సందు చూసి ఇంజన్లు స్టార్ట్ చేద్దామన్నదీ తనే. ఈ రెండు దినాల నడుమ ఆమె చదువు మారలేదు, చూపు మారలేదు, విమానం మారలేదు. మారింది ఒక్క రేటు.

రెక్క పట్టుకుని నిలబడింది. పన్నెండేళ్ళలో గాలికి భయపడింది, పొగమంచుకు భయపడింది. తనకు తాను భయపడటం ఇదే మొదలు.

"శరవణా," అంది. "నేనన్న మాట తప్పు. మన్నించు."

"పరవాలేదక్కా."

"పరవాలేదు కాదు. రా, మామ దగ్గరికి పోదాము."

ప్రయాణికుల గదిలో మామ సంచి ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మధుమిత ఎదురుగా నిలబడి, ఈ పొద్దు పోవడం లేదని చెప్పింది. ఆయన గడియారం చూసుకున్నాడు. ముఖం మాడింది. ఫోను తీసి, రాలేకపోతున్నానని జర్మనీ మనిషికి చెప్పమని ఎవరికో చెప్పాడు. ఆ తరువాత ఆమెవైపు తిరిగినప్పుడు ఆ ముఖంలో కోపం లేదు. అదే ఆమె ఊహించనిది.

"నిండా నష్టం పాపా. అయినా పరవాలేదు. ముందయితే నేను నిన్ను నమ్మివుండను, నిజం చెప్తా ఉండాను. ఇప్పుడు నమ్మతాను. ఎందుకు తెలుసా? ఆపితే నీకూ నష్టమే. నీ దుడ్డు పోగొట్టుకొని నువ్వు వద్దంటా ఉండావంటే అది నిజం కాక ఇంకేమి?"

అక్టోబరు నుంచి మధుమిత ఆ మాట కోసమే బతికింది. దానికోసమే డెబ్బై ఆరు వేలు వదులుకుంది. ఇప్పుడది పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు ఎదురుగా ఉంది. ఊరికే తలాడిస్తే చాలు. పక్కన శరవణన్ ఉన్నాడు గానీ, వాడు నోరు విప్పడు. నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె తలాడిస్తే ఆ పేరు ఆమెదే. మామ రేపు చుట్టాలందరికీ చెబుతాడు. నాయిన పొంగిపోతాడు.

"నన్ను నమ్మవద్దు మామా" అంది మధుమిత.

ఆయనకు అర్థం కాలేదు. "ఏమంటా ఉండావు?"

"నేను పోదామన్నాను. ఇంజన్లు స్టార్ట్ చేద్దామన్నాను. మీరు ఇప్పుడు ఆ మబ్బుల నడుమ ఉండేవాళ్ళు. బయటికి వచ్చివుంటామో లేదో నాకు తెలియదు. ఈ నెల రెండు దినాలు పోయినాయి, మూడోది పోకూడదని నాకు లోపల ఉండింది. అది నాకే తెలియలేదు. ఆపింది నేను కాదు. వాడు."

మామ శరవణన్ వైపు చూశాడు. శరవణన్ ఇంకా నేలనే చూస్తున్నాడు.

"వాడు ఎందుకు ఆపగలిగినాడో చెప్పేదా? మీ ఇద్దరు పైలట్లలో ఎగరని దినానికి మీరు కూలి ఇచ్చేది వాడికి ఒకడికే. వాడికి పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే. అందుకని వాడు మబ్బును మాత్రం చూసినాడు."

మామ సంచిని ఒళ్ళోంచి తీసి పక్క కుర్చీలో పెట్టాడు. నలభై ఏళ్ళు మనుషుల్ని అద్దంలోంచి చూసి లెక్క కట్టినవాడు, అప్పుడు కూడా కళ్ళు చిట్లించి ఆమెను అలాగే చూశాడు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. కానీ ఈసారి కళ్ళలో నీళ్ళు రాలేదు.

"ఇప్పుడు ఏమి చేయమంటావు?"

"ముప్పై ఎనిమిది వేలు. ఎగిరినా, ఎగరకపోయినా. నేను ఇంటి నించి బయలుదేరినానంటే అది దినమే. ఈ పొద్దు నించే. మీకు సరిపడకపోతే ఇంకొకర్ని చూసుకోండి, నేను మీ ఇంటి పెళ్ళిళ్ళకు వస్తానే ఉంటాను. కానీ ఎగరని దినానికి దుడ్డు వద్దనే పైలట్ ఎవరైనా వస్తే, ఆ ఫ్లైటు మాత్రం ఎక్కవద్దు."

ఏడాది కిందట పెళ్ళి బంతిలో గొంతులో ఇరుక్కున్న అంకె ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. మామ అనుమానం చచ్చిపోలేదు, అలాంటి మనిషికి చావదు కూడా. చివరికి దాన్నే బయటికి తీశాడు.

"ఒకటి అడగతాను, నిజం చెప్పు. ఇదంతా నువ్వు చెప్పేది రేటు కోసమేనా?"

శరవణన్ తల ఎత్తి ఆమెను చూశాడు.

"అవును మామా," అంది మధుమిత. "రేటు కోసమే."